పచ్చ చుక్క పడలేదు

లేజర్ మీట నొక్కే ఉంది. పంపు గుయ్యిమంటోంది. కంటికి కనపడని పరారుణ కాంతి స్ఫటికంలో దూరి, అవతలున్న తెల్ల కాగితం మీద పచ్చటి చుక్కగా తేలాలి. కాగితం మాత్రం ఏమీ ఎరగనట్టు తెల్లమొహం వేసుకుని చూస్తోంది.

“కాసేపు ఆగండి మేడమ్, దానికి మూడ్ రావాలేమో,” అన్నాడు బావ.

పరీక్షకురాలు నవ్వలేదు. లేజర్ దగ్గర నిలబడ్డ చిన్ని పళ్లు బిగించింది. ఆమె అక్క మొగుడు, ఈ బావే, ప్రయోగశాలకి పెద్ద. కొత్త లేజర్ పరికరంలోకి ఒక్క స్ఫటికాన్నే ఎంచడానికి వచ్చింది పరీక్షకురాలు: బావ తయారుచేసిన ఖనిజ స్ఫటికమో, చిన్ని పెంచిన ఈ సేంద్రియ స్ఫటికమో. బావది ఓడితే ఆయన పెద్ద కుర్చీ కూడా పోతుంది. తనది పచ్చ వెలుగు ఇస్తుందని చిన్ని ఇదివరకే పత్రికల్లో ప్రకటించేసింది. ఇవ్వకపోతే పోయేది పోటీ ఒక్కటే కాదు, దొంగ ఫలితాల మనిషని ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఏ ల్యాబూ గడప తొక్కనివ్వదు.

“పాత ఫలితాలు తప్పని మీరే ఒప్పుకుంటే గౌరవంగా ఉంటుందమ్మా,” అంది పరీక్షకురాలు.

“ఒప్పుకోను.”

“చిన్నీ, మొండికెయ్యకు,” అంది అక్క, నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. స్ఫటికాలకి సాన పట్టే పని అక్కది. “ఇంటికెళ్లి మాట్లాడుకుందాం.”

చిన్ని లేజర్ ఆపేసి, కళ్లద్దాలు తీసి, స్ఫటికాన్ని పట్టకారుతో దీపం కిందికి తెచ్చింది. అన్ని వైపులా నున్నగా సాన పట్టిన చిన్న పలక. అందంగానే ఉంది. వెధవ అందం!

“ఇది నాది కాదు.”

“మరెవరిది, మా తాతదా?” అన్నాడు బావ.

“తేల్చేస్తాను, ఉండండి. మేడమ్, నా పొడిలో అణువులన్నీ ఎడమచేతి వాటం. స్ఫటికంలో అన్నీ ఒకే వైపుకి మొగ్గి కూర్చుంటాయి, అందుకే పచ్చ వెలుగు పుడుతుంది. కుడివీ ఎడమవీ సగంసగం కలిస్తే జంటలు కట్టి ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒకటి నెడితే రెండోది లాగుతుంది. వెలుగు పుట్టదు. సాన పట్టాక పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నీళ్లలో కరిగిస్తే మాత్రం గుట్టు బయటపడుతుంది. ఒకే వాటం అణువులైతే కాంతిని మెలితిప్పుతాయి, కలిసినవి తిప్పలేవు.”

“కరిగించేస్తే సాక్ష్యం కూడా గంగలో కలుస్తుంది!” బావ గొంతు లేచింది. “మేడమ్, తప్పు కప్పెట్టుకునే ఎత్తు ఇది.”

“ఇది కాంతిని తిప్పిందంటే నాదే, నేను అబద్ధాలకోరుని. ఈ గుమ్మంలోంచే వెళ్లిపోతాను,” అంది చిన్ని. “సరేనా బావా?”

పరీక్షకురాలు తలూపింది. చిన్ని స్ఫటికాన్ని గాజు గ్లాసులో వేసింది. అంచులు మొద్దుబారి, పలక పల్చబడి, మాయమైంది.

ముందు తన సీసాలోని పొడి కరిగించి, కాంతి మెలికని కొలిచే పోలారిమీటర్‌లో పెట్టింది. తెర మీద అంకె గబగబా మారి, ఎడమ వైపు మెలిక చూపిస్తూ నిలబడింది. తర్వాత స్ఫటికం కరిగిన నీళ్లు పెట్టింది.

సున్నా.

పరీక్షకురాలు గొట్టాన్ని తీసి, తుడిచి, తన చేత్తోనే మళ్లీ పెట్టింది. మళ్లీ సున్నానే.

“ఇది మీ పొడితో పెరిగింది కాదు,” అందామె నెమ్మదిగా. “మరి ఇక్కడికెలా వచ్చింది?”

“మొదట్లో కుడీ ఎడమా కలిసిన పొడితో కొన్ని పెంచాను మేడమ్. పనికిరాక, సాన పట్టడం సాధన చెయ్యడానికని ఇచ్చేశాను. అవి ఒక్క బల్ల సొరుగులోనే ఉంటాయి. పొద్దున నా స్ఫటికాన్ని సాన పట్టడానికి నా చేత్తోనే ఆ బల్ల మీద పెట్టాను. అప్పుడు దానికి ఏటవాలు అంచులున్నాయి, చూడగానే గుర్తుపట్టొచ్చు. సాన పట్టేస్తే ఏది ఏదో ఎవరికీ తెలీదు.”

“నోరు జాగ్రత్త చిన్నీ!” బావ మొహం కందగడ్డలా అయింది. “నా కుర్చీ కోసం నేనే మార్చానంటావా?”

“మీకంత ఓపికెక్కడిది బావా? మీరు ఇప్పటిదాకా ఆ సొరుగే తెరిచి ఉండరు.”

బావ భార్య వైపు తిరిగాడు. అక్క చేతిలో గుడ్డ ఉండలా నలిగిపోతోంది.

“నిన్ను చంకనేసుకుని పెంచానే,” అంది అక్క. “ఆయన కుర్చీ పోతే మేం వీధిన పడతాం. నీకింకా వయసుంది, ఇంకోటి పెంచుకుంటావు. ఇంటి మాట ఇంట్లోనే ఉండనీ.”

“నన్ను పెంచావు, కాదనను. ఆ స్ఫటికాన్ని పెంచింది నేను.”

“పేరు చెప్పండమ్మా,” అంది పరీక్షకురాలు. “మీ నోటితో చెబితేనే నేను రాసుకోగలను.”

అక్క తల అడ్డంగా ఊపుతోంది, వద్దే, వద్దే అని. చిన్ని నిటారుగా నిలబడి, గదంతా వినపడేలా చెప్పింది.

“మార్చింది మా అక్క.”