జెర్సీల పెట్టె అడుగున

ఇరవై రెండా, ఇరవై మూడా, గోల్ కాసే గోలీది కలిపా విడిగానా, ఆర్డిత్ అయితే అడిగినవాడి నోరు మూతపడేలోపే చెప్పేది, పదకొండేళ్లలోపు పిల్లల జట్టుకి ఇన్ని జెర్సీలు, అందులో చంక చిరిగినవి ఇన్ని, అంకె ఊడినవి ఇన్ని, ఇప్పుడు చెప్పే నోరు లేదు, అక్టోబరులో పోయింది, షుగరు కిడ్నీలను తినేసింది, పెట్టె మాత్రం మిగిలింది, వంటింటి గోడ వారగా, రేకు పెట్టె, మూత మీద ఆమె చేతిరాతలో జట్టు పేరు, లైమన్ కాఫీ కప్పు పట్టుకుని దాని వైపు చూస్తూ నిలబడ్డాడు, ఈ ఇంట్లో పదో రోజు విందులో పంచకుండా మిగిలిన ఆమె వస్తువు అదొక్కటే, పోయినవాళ్ల వస్తువులు పదో రోజున పంచేయాలి, పంచేశారు, కుట్టుమిషను ఒకరికి, చలికోటు ఒకరికి, చెవిపోగులు ఒకరికి, గరిటెలు కూడా వెళ్లిపోయాయి, భార్య పోయిన తొమ్మిది రోజులూ లేని వెలితి పదో రోజున గరిటె కోసం సొరుగు లాగితే తెలిసింది, పెట్టె జట్టుది కాబట్టి ఎవరూ అడగలేదు, అదీ పోయి ఉంటే బాగుండేది.

డెల్మర్ పొద్దున ఆరింటికే ఫోన్ చేశాడు, అక్క కొడుకు, జట్టుకి కోచ్, వాడికి ఆరింటికి కూడా హుషారే, మామా, హాకీ ఆడే రింకులో ఐసు తీసేశారు, నేల ఆరింది, గీతలు గీశాం, పదింటికి పిల్లలందరూ దిగుతారు, జెర్సీలు పంచాలి, హెల్మెట్లు ఎవరి తలకి పడతాయో చూడాలి, పళ్లకి అడ్డం పెట్టుకునేవి సగం మంది ఇంకా కొననే లేదు, నువ్వొచ్చి ఏటా లాగే రెండు మాటలు చెప్పి మొదటి బంతి వెయ్యాలి, గోలీకి చెక్క కర్ర తెస్తున్నావా, తెస్తానని చెప్పానా అన్నాడు లైమన్, చెప్పలేదు కాబట్టే అడుగుతున్నా, నీతో మాట్లాడుతుంటే రంపంతో పళ్లు తోముకున్నట్టుంది మామా అని నవ్వాడు వాడు, లైమన్ నవ్వలేదు, లక్రాస్, కర్ర చివరి వలతో బంతి పట్టి విసిరే తమ జాతి తాతల నాటి ఆట, అదంటే ఇప్పుడు పిల్లలందరికీ దుకాణంలో కొన్న ప్లాస్టిక్ తలల కర్రలే, గులాబీ, నీలం, పిప్పరమెంటు రంగులు, వల ముందు నిలబడే గోలీ చేతిలోనే ఇంకా హికరీ చెక్క, అదీ ఇంకెన్నేళ్లో, చెట్టు కొట్టి, నిలువునా చీల్చి, ఆవిరి పట్టి తలను కొక్కెంలా వంచి, వంపు నిలవడానికి ఇనుప తీగ బిగించి, నెలల తరబడి ఆరబెట్టి, తోలు వారుతో వల అల్లితే ఒక కర్ర, దుకాణంలో అయితే పది నిమిషాల పని, చెక్క కర్రకి ఒక మర్యాద ఉంది, మగపిల్లాడు పుడితే ఉయ్యాలలో పక్కన పెట్టేది అదే, మగవాడు పోతే పక్కన పడుకోబెట్టేది అదే, ఆడవాళ్లు దాన్ని ముట్టుకోరు, ప్లాస్టిక్ కర్రలతో అమ్మాయిలు ఆడుతున్నారు, ఆడనీ, అది వేరు, చెక్క వేరు, ఈ మాట లైమన్‌కి మేనమామ చెప్పాడు, ఆయనకి ఆయన మేనమామ, ఇందులో వాదించడానికేం లేదు, నోరీన్ కూడా వాదించదు, నోరీన్ గొడవ వేరు.

గురువారం వచ్చింది నోరీన్, ఆర్డిత్ చెల్లెలు, మొక్కజొన్న సూపు గిన్నె బల్ల మీద పెట్టి, కూర్చోమనకుండానే కూర్చుని, బావా, నీతో పనుంది, శనివారం ఊరంతా ఉంటుందక్కడ, బంతి వేసే ముందు రెండు మాటలు చెబుతావుగా, వాటికి మూడోది కలుపు, మా అక్క కర్ర ముట్టుకోలేదని చెప్పు, చూడనిది నేను చెప్పను అన్నాడు లైమన్, ఓహో, మరి ముట్టుకుంది అని ఊరందరి ముందూ చెప్పినప్పుడు చూశావా, అంది, గిన్నె మూత తీస్తూ, చెంచా కోసం సొరుగు లాగి, ఖాళీ సొరుగు చూసి, తనే పంచిందని గుర్తొచ్చి మూసేసి, చూశావా బావా అంది మళ్లీ, సూపు చల్లారుతోంది అన్నాడు లైమన్, సూపు కాదు చల్లారాల్సింది, నీ కడుపులో ఉన్న మంట, మా అక్క నీ గుమ్మంలో నలభై రెండేళ్లు ఉంది, తాబేలు గుర్తున్న మా వంశపు ఆడది, మా అమ్మ పెంచిన పిల్ల, నీకంటే ముందే తెలుసు తనకి ఏది ముట్టుకోకూడదో, అంటూ లేచింది, లేచి ఆగి, ఆ కంబళి ఏం చేశావు అని అడిగింది, మా అమ్మ తెల్ల ఉన్ని కంబళి, పదో రోజున ఎంత వెతికినా దొరకలేదు, నాకేం తెలుసు, ఎవరికో ఇచ్చేసి ఉంటుంది అన్నాడు, ఆ కంబళినా, ఇచ్చేస్తుందా, నలభై రెండేళ్లున్నా నీకు మా అక్కతో పరిచయం కూడా లేదు బావా, శనివారం తొమ్మిదిన్నరకి వస్తా, పెట్టె సిద్ధంగా ఉంచు, అంకెలు ఊడినవి నేను కుడతా, అని తలుపు దభాలున వేసింది, ఆ దభాలుకి కిటికీ గట్టు మీది తీగ చుట్ట కింద పడింది, ఇంకా తియ్యలేదు, అక్కడే ఉంది.

తొమ్మిది దాటింది, పెట్టె విప్పి లెక్కపెట్టాలి, ఏటా విప్పేది ఆర్డిత్, పంచేది ఆర్డిత్, సీజను అయ్యాక ఉతికి మడిచి సర్దేది ఆర్డిత్, లైమన్ పని భుజాన వేసుకుని మోయడమే, ఇక్కణ్ణించి ట్రక్కుకి, ట్రక్కునుంచి రింకుకి, మళ్లీ వెనక్కి, పెట్టె బరువు అతనికి తెలుసు, లోపలేముందో తెలీదు, వంగితే నడుము పట్టేసింది, మోకాలు వేసి కూర్చుని గొళ్లెం తీశాడు, సబ్బు వాసన, ఆమె వాడే పసుపు పచ్చ సబ్బు, చటుక్కున మూత వేసేయబోయి ఆగాడు, వాసనకి భయపడే వయసా ఇది, ఎర్ర జెర్సీలు, ఒక్కోటి ఒకే కొలతలో మడిచి, అంకెలు పైకి వచ్చేలా, రెండు, మూడు, నాలుగు వరస తప్పకుండా, అలాంటిది ఆమె, బీరువాలో తువ్వాళ్లు, సొరుగులో చెంచాలు, కాడలన్నీ ఒకే వైపు, ఒక చెంచా అడ్డంగా పడితే చెయ్యి ఊరుకునేది కాదు, ఆఖరికి ఆసుపత్రి మంచం మీద కూడా మందు సీసాల్ని పొడుగు ప్రకారం పెట్టించింది నర్సు చేత, అంత సరిచూసే మనిషి ఆ రోజు ముప్పయ్యొక్క కర్రల్ని వంటింట్లో పొయ్యి పక్కన కుప్పపోసింది, చెత్త పోసినట్టు.

నాలుగేళ్ల కింద, సీజనుకి మూడు వారాలుందనగా, అతను డెల్మర్‌తో ఉత్తరం వైపు అడవికి వెళ్లాడు, హికరీ చెట్లు ఎంచడానికి, మూడు రోజులు, రెండో రోజు గాలివాన, కొట్టం మీది రేకులు లేచిపోయాయి, కొట్టంలో దూలానికి తాళ్లతో వేలాడగట్టిన పొడుగాటి గడ, గడకి కొక్కేలు తగిలించి ముప్పయ్యొక్క కర్రలు, చుట్టుపక్కల నాలుగు ఊళ్ల గోలీలకీ, పెద్దల ఆటకీ, వంపులకి తీగ ఇంకా విప్పలేదు, తిరిగొచ్చేసరికి కొట్టం నిండా నీళ్లు, గడ ఖాళీ, కర్రలు వంటింట్లో, పొయ్యి పక్కన, పొడిగా, ఇంట్లో ఆమె ఒక్కతే, ఎవరు తెచ్చారు అన్నాడు, నేనే అంది, చేత్తోనా అన్నాడు, కాదు, తాళ్లు విప్పి గడతో సహా కంబళి మీదికి దించాను, చుట్టేసి ఈడ్చుకొచ్చాను, చెక్కకి నా వేలు తగల్లేదు, కావలిస్తే, అని ఏదో అనబోయింది, అతను వినలేదు, ముప్పయ్యొక్క కర్రలు, ఆమెది నొప్పి భుజం, అంత వానలో, ఎవరికి చెబుతున్నావు అన్నాడు, ఆమె మొహం వైపు చూశాడో లేదో గుర్తులేదు, గుర్తున్నది కుప్ప, ఆ కుప్పని చూసే ఒళ్లు మండింది, తప్పు చేసి కంగారుపడ్డ మనిషి పని అది అనుకున్నాడు, బయట పెరట్లో మంట వేశాడు, ఊరి పెద్దాయన ఒకరు దారిన పోతూ ఆగి, అవి కాల్చక్కర్లేదు లైమన్, ముందు ఆమె చెప్పేది విను, అన్నాడు, నా కర్రలు, నా మంట అన్నాడు లైమన్, ఆయన పోయాడు, హికరీ బాగా మండుతుంది, చాలాసేపు మండుతుంది, ఆమె కిటికీలోంచి చూస్తూ నిలబడింది, ఏడవలేదు, ఆ ఏడు మన గోలీ ప్లాస్టిక్ పట్టుకుని నిలబడ్డాడు, మొదటి రోజు రింకులో ఎవరో కర్రలేవీ అని అడిగితే, మా ఇంటిది ముట్టుకుంది, కాల్చేశాను అన్నాడు, గట్టిగానే అన్నాడు, ఆమె మూడడుగుల దూరంలో ఒక పిల్లాడికి జెర్సీ తొడుగుతోంది, వాడి తలని జెర్సీ మెడలోంచి బయటికి లాగి, జుట్టు సరిచేసి, తర్వాతి వాణ్ణి పిలిచింది, ఆ తర్వాత ఆ మాట ఇంట్లో ఎప్పుడూ రాలేదు, ఆమె ఎత్తలేదు, అతను ఎత్తలేదు, కొట్టం వైపు ఆమె మళ్లీ నడవలేదు, బట్టలారేసే తాడు కూడా ఇంటికి అటుపక్కకి మార్పించుకుంది.

పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, గోలీది పెద్దది, ఇరవై రెండు, అంతే, ఇరవై రెండే, కింద ఇంకేదో ఉంది మెత్తగా, పెట్టె అడుగున పరిచినట్టు, తెల్లగా, లాగాడు, బరువు, ఉన్ని, నోరీన్ వాళ్ల అమ్మ కంబళి, ఇదిగో దొరికింది, ఇక్కడ దాచి పెట్టుకుని చెల్లెల్నీ మొగుణ్ణీ వెర్రివాళ్లని చేసింది, వచ్చాక ఆ నోరీన్ మొహాన కొట్టాలి, నాలుగు మడతలు, మట్టి చారలతో గట్టిపడి ఉంది, ఇదేమిటి, ఉతకలేదు, ట్రక్కు తుడిచే గుడ్డని కూడా ఉతికి ఇస్త్రీ చేసే మనిషి దీన్ని ఉతకలేదు, నేల మీద పరిచాడు, ఒక మడత, రెండు, పూర్తిగా తెరిచేసరికి వంటిల్లు సగం నిండింది, రెండు మూలలు మెలితిరిగి, ఉన్ని చినిగి, పిడికిలి పట్టిన గుంటలు అలాగే ఉండిపోయాయి, ఒక భుజంతో లాగిన గుంటలు, కుడివైపుది లోతు, ఎడమవైపుది అంతంత మాత్రం, నొప్పి ఎడమ భుజమే, మధ్యలో తుప్పు మరకలు, మొదట రక్తమనుకున్నాడు, తుప్పే, ఒక్కోటి ఒక కొక్కెం ఆకారం, పైన వంపు, కింద అడ్డంగా తీగ బిగింపు, ఆ బిగింపు అతనిది, తీగని మూడు చుట్లు తిప్పి ఎడమకి మెలేస్తాడు, ఈ చుట్టుపక్కల ఎడమకి మెలేసేది అతనొక్కడే, తడిసిన తీగ ఉన్ని మీద అచ్చు దిగింది, వరసగా, గడకి వేలాడిన వరసలోనే, ఒకటి, రెండు, వేలు పెట్టి లెక్కపెట్టాడు, పదిహేడు, పద్దెనిమిది, మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదటినుంచి, ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పయ్యొకటి.

కుప్ప, అందుకే కుప్ప, కంబళి అంచు పట్టి దొర్లించింది, గడా కర్రలూ కలిసి ఎలా పడితే అలా పడ్డాయి, పడ్డవాటిని సరిచేయాలంటే చెయ్యి పెట్టాలి, పెట్టలేదు, అడ్డంగా పడ్డ చెంచాని చూసి ఊరుకోలేని మనిషి ఆ కుప్పని ఒక రాత్రీ ఒక పగలూ కళ్లెదురుగా చూస్తూ, దాని పక్కనే వండుకుని తింటూ, ఒక్క కర్రని కూడా సర్దలేదు, ఆ కుప్పే చెప్పింది, గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పింది, చూసే కళ్లుంటే, కావలిస్తే అంది ఆమె, కావలిస్తే చూడు అనబోయింది, కంబళి అప్పుడు పక్క గదిలోనే ఉండి ఉంటుంది, తడిగా, అతను అగ్గిపెట్టె కోసం ఆ గది దాటే వెళ్లాడు, ఆ తర్వాత నాలుగేళ్లు, ప్రతి ఏడూ ఆమె ఈ పెట్టె సర్దింది, అడుగున దీన్ని పరిచి, మీద జెర్సీలు పేర్చి, గొళ్లెం పెట్టి, ఇదిగో తీసుకెళ్లు అంది, అతను భుజాన వేసుకున్నాడు, నాలుగుసార్లు మోశాడు, తను అబద్ధమన్న దాన్ని తన భుజం మీద, ఆమెని తప్పుపట్టిన రింకుకే.

బయట హారన్, నోరీన్ ట్రక్కు, రెండుసార్లు, మూడోసారి గట్టిగా, బావా, బతికే ఉన్నావా, పిల్లలు ఎదురుచూస్తున్నారు, లైమన్ లేవడానికి బల్ల పట్టుకున్నాడు, జెర్సీలు పెట్టెలోకి ఎత్తాడు, అంకెల వరస తప్పింది, తప్పనీ, కంబళిని మళ్లీ అడుగున పెట్టలేదు, మరకలు పైకి వచ్చేలా మడిచి అన్నిటికంటే పైన పెట్టాడు, మూత పడలేదు, పడక్కర్లేదు, అక్కడ మూడో మాట చెప్పాలి, చెబుతాడు, అందరి ముందూ దీన్ని విప్పి చెబుతాడు, నోరీన్ ఏడుస్తుంది, డెల్మర్ టోపీ తీస్తాడు, ఊరు వింటుంది, వినాల్సిన మనిషికి మాత్రం అందదు, పెట్టె భుజానికెత్తుకుంటే కంబళి అంచు చెంపకి గరుగ్గా తగిలింది, ఒక్కరోజు, నాలుగేళ్లలో ఒక్క పూట, ఇది తెచ్చి అతని ముందు విసిరితే సరిపోయేది, తల దించుకునేవాడు, విసరలేదు, మందు సీసాలు సర్దించిన ఆఖరి రోజున కూడా ఇది ఎక్కడుందో చెప్పలేదు, తన మాట చాలాల్సిన చోట మరకలు చూపించి బతిమాలుకోవడం ఆమెకి ఇష్టం లేదు, ఉతక్కుండా ఉంచింది, నోరు విప్పకుండా ఉంచింది, తను పోయాక మొదటి సీజనుకి ఈ పెట్టె విప్పేది ఎవరో ఆమెకి తెలుసు, ఈ ఇంట్లో క్షమించకుండా బతికింది తనొక్కడే అనుకున్నాడు ఇన్నాళ్లూ.