ఖాసిం కాళ్లు కడుక్కునే కుళాయి

అబుదాబి ఐకాడ్‌లో మా కార్మికుల క్యాంపు నమాజు గది బయట కాళ్లు కడుక్కోవడానికి ఒకే కుళాయి ఉండేది. నేలకు జానెడు ఎత్తు. పైన ఏసీ యూనిట్, పక్కన దాని ఇనుప స్టాండు. నడుమ నాలుగు వేళ్ల సందు. పిడి తిప్పిన ప్రతివాడికీ వేళ్లు చెక్కుకుపోయేవి.

క్యాంపులో పైపుల పని నాది. మూడేళ్లు ఎవరు మొత్తుకున్నా పట్టించుకోలేదు. నా గదివాడు ఖాసిం మోకాలు అరిగి వంగలేకపోయినప్పుడు పట్టించుకున్నాను.

"దుబాయ్ డీఐపీలో మా మేనల్లుడి క్యాంపుకి మారిపోతా పెద్దిరాజూ. అక్కడ కూర్చుని కడుక్కోడానికి అరుగుంది," అన్నాడు.

"పో. నీ గురక పీడ వదులుతుంది."

నా భార్య పోయినప్పుడు ముదీర్, అదే మా మేనేజరు, సెలవిచ్చేసరికి ఊళ్లో అన్నీ అయిపోయాయి. అతనికి నేటికీ సలాం పెట్టను. ఆ నెలంతా నా పళ్లెంలో అన్నం పెట్టి, తినేదాకా తిట్టినవాడు ఖాసిం. అతను వెళితే నన్ను తిట్టే మనిషి ఉండడు.

స్టోరు చూసే రమీజ్ పొడుగు పిడి కుళాయి ఇచ్చాడు. సగం తిరిగి స్టాండుకు తగిలింది. తర్వాత నొక్కుడు కుళాయి బిగించాను. తిప్పే పనే లేదు, సందులో చక్కగా పట్టింది. నన్ను నేనే మెచ్చుకున్నాను. ఖాసిం వంగి నొక్కాడు. కాలు పెట్టేలోపు నీళ్లు ఆగాయి. మళ్లీ వంగాడు. మళ్లీ ఆగాయి.

"ఏమయ్యా, నమాజంతా ఇక్కడే చేయించేశావు కదా!" అన్నాడు గోడ పట్టుకుని.

నా చేతికి సరిపోయిందే చూశాను. అతని మోకాలు చూడలేదు.

మరునాడు ముసఫ్ఫా బజారులో కుళాయిల షాపుకెళ్లి చెప్పు విప్పాను. ఒక్కో కుళాయినీ నేలకు అదిమిపట్టి, పిడిని బొటనవేలితో తోసి చూశాను.

"క్యా కర్తే హో చాచా? ఖలాస్ కరో!" అన్నాడు షాపువాడు, ఇక చాలించమని.

ఆరోది తిరిగింది. వేలెడు పిడి, పావు చుట్టుకే నీళ్లు. అదే కొని తెచ్చి బిగించాను.

శుక్రవారం ఖాసిం గోడ పట్టుకుని బొటనవేలితో తోశాడు. నడుం వంచకుండా ఒక పాదంతో ఇంకో పాదం రుద్దుకున్నాడు. చాలాసేపు రుద్దుకున్నాడు.

"పిడి బిగుతుగా ఉంది," అన్నాడు.

"నచ్చకపోతే డీఐపీ పో."

"పోతే దీన్నెవడు వదులు చేస్తాడు? రోజూ నేనే తిప్పాలి."

"ఎన్నాళ్లు?"

"రెండేళ్లు పడుద్ది. అడ్డం లే, టైమవుతోంది."