ఏడు రోజుల ఉప్పు

నాసియాను చంపేశారన్న కబురు సోమవారం మధ్యాహ్నం మదురా దీవి తీరంలోని ఆ ఊరికి చేరింది. ఏ ఆఫీసు నుంచీ రాలేదు. సముద్రాలకు అవతల ఆ చమురు రాజ్యంలో ఇంటిపని చేసుకునే పొరుగూరి ఆడమనిషి ఒకతె ఫోనులో నాలుగు మాటలు రికార్డు చేసి పంపింది.

"శుక్రవారం పొద్దున్నేనట. కత్తితోనట. మా యజమానురాలు ఇవాళ పేపరు చూస్తూ అంది. వాళ్లమ్మకి ఎవరైనా చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. ఆ వేళకు తల్లి సల్హా ఉప్పు మడిలో చీలమండల లోతు నీళ్లలో నిలబడి, ఉప్పును పోగుచేసే చెక్క పలక లాగుతోంది.

మిస్నాదిన్ ఆ ఫోను పట్టుకుని సల్హా దగ్గరికి వెళ్లలేక బడికి వచ్చాడు. ఉప్పు కూలీల సంఘానికి పెద్ద అతను. ఊళ్లో అందరికంటే గట్టిగా మాట్లాడేవాడు. ఆ రోజు మాత్రం గుమ్మంలో నిలబడి ఫోను చాపాడు.

లోపల నాలుగో తరగతి పిల్లలు పాట నేర్చుకుంటున్నారు. ఆ చమురు రాజ్యపు జాతీయగీతం. బుధవారం నాడు రాజుగారి ప్రతినిధి వచ్చి ఊరి తీరాన చమురు శుద్ధి కర్మాగారానికి శంకుస్థాపన చేస్తాడు. పిల్లలు రెండు దేశాల జెండాలు పట్టుకుని దారి పొడవునా నిలబడి పాడాలని పైనుంచి ఉత్తర్వు. హోస్నియా టీచరు ఆ పాటను చిన్న చిన్న ముక్కలు చేసి బోర్డు మీద రాసింది.

ఆమె కబురు రెండుసార్లు విన్నది. ఫోను తిరిగి ఇచ్చి, బోర్డు తుడిచింది. మూలలతో సహా తుడిచింది.

"టీచరుగారూ, ఇంకో చరణం ఉందిగా?" అంది ముందు బెంచీ పిల్ల.

"లేదమ్మా. అయిపోయింది. ఇళ్లకు వెళ్లండి."

నాసియా అక్షరాలు దిద్దింది ఈ బళ్లోనే. పందొమ్మిదేళ్లకు ఇంటిపనికని ఆ రాజ్యానికి వెళ్లింది. యజమాని కొడుకు ఆమె పడుకునే గది తలుపు తోసేవాడు. ఒకసారి తోసినప్పుడు ఆమె చేతిలో కూరలు కోసే కత్తి ఉంది. విచారణ ఆమెకు రాని భాషలో జరిగింది. తీర్పు ఏమిటో తోటి ఖైదీ సైగలతో చెబితే తెలిసింది.

ఆ తర్వాత ఆరేళ్లు హోస్నియా ఉత్తరాలు రాసింది. సల్హా పేరున, ఊరి పేరున. తమ దేశ రాజధానిలోని విదేశాంగ ఆఫీసులో ఒకాయన ఎప్పుడు ఫోను చేసినా ఒకే మాట చెప్పేవాడు. "అది మనకు మిత్రదేశమండీ. గొడవ చేస్తే పని చెడుతుంది. మర్యాదగా రాయండి. లోలోపల చర్చలు జరుగుతున్నాయి."

ఆమె మర్యాదగానే రాసింది. దయామయులైన ప్రభువులకు అని మొదలుపెట్టింది. ఒక్కో మాట తూచి, కొట్టేసి, మళ్లీ తూచింది. సరైన మాట దొరికితే తలుపు తెరుచుకుంటుందని నమ్మింది. మిస్నాదిన్ రెండుసార్లు లారీలు మాట్లాడాడు, జనాన్ని ఎక్కించి రాజధానికి తీసుకెళ్లి ఆ రాజ్యపు దౌత్య కార్యాలయం ముందు కూర్చోబెడతానన్నాడు. రెండుసార్లూ ఆమే ఆపింది. ఊరు ఆమె మాట విన్నది, చదువుకున్న మనిషి కదా అని.

జైలు నుంచి నాసియా రాసిన ప్రతి ఉత్తరమూ ఒకేలా మొదలయ్యేది. "అమ్మా, మన మడిలో ఉప్పు ఎవరు లాగారు?" తండ్రి లేడు. తల్లి ఒక్కతే లాగుతుందని ఆ పిల్ల దిగులు.

హోస్నియా బడి తలుపు వేసి రాజధానికి ఫోను చేసింది.

"అవునండీ, మాకూ ఇప్పుడే తెలిసింది," అన్నాడు ఆయన. "వాళ్లు ముందుగా చెప్పలేదు. మేమూ బాధపడుతున్నాం. అయితే బుధవారం కార్యక్రమం ఉంది కదా, మీరు కాస్త..."

"ఆమెను ఎక్కడ పూడ్చారు?"

"కనుక్కుంటామండీ."

"ముప్పై ఒక్క ఉత్తరాలు రాశాను. వాటిలో ఒక్కటైనా అక్కడికి పంపారా?"

"అప్పట్లో పెట్టుబడి ఒప్పందాలు నడుస్తున్నాయండీ. సమయం చూసి పంపుదామని..." అన్నాడు ఆయన.

ఆమె ఫోను పెట్టేసి మడి గట్టు మీద నడిచి వెళ్లింది. సల్హా ఆమె ముఖం చూసి పలకను నీళ్లలో వదిలేసింది.

"ఏమైనా తిని పోయిందా అమ్మా అది?" అని అడిగింది.

హోస్నియాకు తెలియదు. తెలియదనే చెప్పింది.

*

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఏడు రోజులు ప్రార్థనలు. ఆ ఏడు రోజులూ ఊరంతా కలిసి ముందు ఆ ఇంటివాళ్ల మడిలో ఉప్పు లాగాలి. అది పూర్తయ్యేదాకా ఎవరూ తమ మడిలో పలక పెట్టరు, ఇంకే పనికీ పోరు. పగబట్టి కొట్టుకున్నవాళ్లు కూడా ఆ గట్టు మీదికి వచ్చి పక్కపక్కన లాగుతారు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు.

ఊరి పెద్ద ఫదోలికి ఆ పద్ధతి తెలుసు. అందుకే సాయంత్రం కాకముందే తాలూకా ఆఫీసరును వెంటబెట్టుకుని సల్హా ఇంటికి వచ్చాడు. పంచలో చాప మీద కూర్చున్నారు. సల్హా వదిన నల్ల కాఫీ పెట్టింది.

"వదినా, నాసియా నాకూ కూతురే," అన్నాడు ఫదోలి సల్హాతో. "కాదనను. కానీ శవం రాలేదు, కాగితం రాలేదు. కాగితం రాకుండా ఏడు రోజులు మొదలుపెట్టడం ఎలా? గురువారం నుంచి పెట్టుకుందాం. అన్నీ నేనే దగ్గరుండి చూస్తా."

"ఏడవటానికి కూడా తేదీ ఇస్తున్నావా ఫదోలీ?" అంది సల్హా.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఈ కర్మాగారం వస్తే మన పిల్లలు పరాయి దేశం పోనక్కర్లేదు. మీ అమ్మాయి లాంటి వాళ్లకు ఇక్కడే పని దొరుకుతుంది."

"ఎవరి దగ్గర బాబూ?"

ఆయన కాఫీ తాగకుండానే లేచాడు. గుమ్మం దాటుతూ, సల్హా పక్కనే ఉన్న హోస్నియా వైపు తిరిగాడు. "టీచరుగారూ, మీరు అర్థం చేసుకునే మనిషి. వీళ్లకు మీరు చెప్పాలి. ఇన్నాళ్లూ చెప్పారు కదా."

ఆ చివరి మాట ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది. ఒక్కతే మొక్కజొన్న అన్నం వండుకుంది. తినలేదు. ఊళ్లో ప్రతి ఇంటి తలుపూ వేసి ఉంది. ప్రతి ఇంట్లోనూ ఆ రాజ్యానికి పోయినవాళ్లు ఒకరైనా ఉన్నారు. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడకుండా, ఎవరి భయం వాళ్లు లోపల పెట్టుకుని కూర్చున్నారు.

*

మంగళవారం మధ్యాహ్నపు నమాజు అయ్యాక ఉప్పు గోదాములో మీటింగు పెట్టారు. కొందరు ఉప్పు బస్తాల మీద, కొందరు నేల మీద. లవంగం సిగరెట్ల పొగ.

"రేపు ఒక్కడు కూడా ఆ షామియానా కిందికి పోకూడదు," అన్నాడు మిస్నాదిన్. "మన పిల్ల తల తీసినవాడి చేతికి మన తీరం ఇస్తున్నారు. మన పిల్లల చేత పాట కూడా పాడిస్తున్నారు."

"నీకేం, అంటావు," అంది జుబైదా వెనకనుంచి. "మా తమ్ముడు ఆ రాజ్యంలోనే ఒకరింట్లో కారు తోలుతున్నాడు. వాడి పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది. రేపు మన ఊరి పేరు పేపర్లో వస్తే వాడి గతేంటి?"

"మా ఆవిడా అక్కడే."

"మా అమ్మాయి కూడా."

"కర్మాగారంలో కాపలా ఉద్యోగం ఇస్తామన్నారు నాకు," అన్నాడు ఒక ముసలాయన మెల్లగా. "చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఈ ఎండలో ఇంకెన్నాళ్లు లాగను?"

"పోరా తాతా, యూనిఫాం వేసుకుని సల్హా మడి మీదే కాపలా కాయి!" అన్నారెవరో. కొందరు నవ్వారు. ముసలాయన తల దించుకున్నాడు.

"ఆయన్ను అనకండి," అంది హోస్నియా.

"మీరు మాట్లాడకండి టీచరమ్మా." మిస్నాదిన్ ఆమె వైపు తిరిగాడు. "లారీలు రెండుసార్లు ఈ గోదాము గేటు దాకా వచ్చాయి. రెండుసార్లూ వద్దన్నారు. ఇవాళ ఏం వద్దంటారో చెప్పండి."

హోస్నియా లేచి నిలబడింది. ముప్పై ఏళ్లుగా పిల్లల ముందు నిలబడిన మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మిస్నాదిన్ అన్నది నిజం," అంది. "నేనే ఆపాను. మిత్రదేశమంటే నమ్మాను. ఎవరికి మిత్రులో అడగలేదు. నా ఉత్తరాలు రాజధాని దాటలేదు. చమురు ఒప్పందం కుదిరేదాకా వాటిని సొరుగులో పెట్టారు. ఒప్పందం కుదిరింది. నాసియా పోయింది. మనల్ని నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాం. అయినా ఆ పిల్ల బతకలేదు. జుబైదా, మనం నోరు మూసుకుంటే మీ తమ్ముడు క్షేమంగా ఉంటాడని నేను చెప్పలేను. తెరిస్తే క్షేమమనీ చెప్పలేను. ఆరేళ్లు తప్పు చెప్పినదాన్ని. రేపటి సంగతి మీరే అనుకోండి."

అందరికంటే ముందు సల్హానే నోరు విప్పింది.

"మీరెవరూ జెండాలు పట్టొద్దు, కేకలు వెయ్యొద్దు. నాకవేం తెలీదు. నా బిడ్డ పోయింది. నా మడి లాగటానికి వస్తారా, రారా?"

జుబైదా ముసుగు అంచుతో ముక్కు తుడుచుకుంది. "వస్తానత్తా," అంది.

*

బుధవారం పది గంటలకు షామియానా కింద నాలుగు వందల కుర్చీలు వేసి ఉన్నాయి. ముందు వరుసలో ఆఫీసర్లు కూర్చున్నారు. వెనకన్నీ ఖాళీ. దారి పొడవునా జెండాలు గడ్డిలో గుచ్చి ఉన్నాయి, పట్టుకునే పిల్లలు లేరు.

ఊరంతా సల్హా మడిలో ఉంది. ఆ మడి చిన్నది, పది మంది లాగితే గంటలో అయిపోయే పని. రెండు వందల మంది భుజానికి భుజం తగిలేలా నిలబడి లాగారు. ఉప్పు అయిపోయింది. బురద వచ్చింది. బురదను కూడా గట్టుకు చేర్చి, మళ్లీ నీళ్లు పెట్టి, మళ్లీ లాగారు. పలకలు లేనివాళ్లు చేతులతో తోశారు. ముసలాయన వచ్చాడు. అందరికంటే చివర, ఎవరి పక్కనా కాకుండా నిలబడ్డాడు. జుబైదా జరిగి అతనికి చోటిచ్చింది.

ఫదోలి గట్టు మీద పరుగున వచ్చాడు. బూట్లకు బురద. "అయిపోయిందిగా! ఇంకా ఏం లాగుతున్నారు? రండర్రా, నా పరువు తీయకండి!"

"ఇంకా ఉంది," అన్నారు పదిమంది ఒకేసారి.

రాజుగారి ప్రతినిధి కారు గట్టు మలుపులో ఆగింది. అద్దం దిగింది. లోపలి మనిషి దుబాసీని ఏదో అడిగాడు. దుబాసీ ఆఫీసరును అడిగాడు. ఆఫీసరు, "ఉప్పు పనివాళ్లండీ, సీజను కదా," అన్నాడు.

హోస్నియా మడిలోంచి బయటికి నడిచింది. పాదాల నుంచి ఉప్పునీరు కారుతోంది. ఈసారి మాటలు తూచలేదు.

"సీజను కాదు. చావు. మీరు చంపిన మనిషి పేరు నాసియా. సల్హా కూతురు. ఈ మడి ఆమెది. ఆమెను ఎక్కడ పూడ్చారో చెప్పండి."

దుబాసీ ఆ మాటలు చెప్పలేదు. అద్దం పైకి లేచింది. కానీ వెనక ఒక గొంతు "నాసియా" అంది, తర్వాత ఇంకొకటి, తర్వాత మడి మొత్తం అంది. పలక లాగిన ప్రతిసారీ ఒకసారి. అది కేక కాదు. ఒడ్డున చేపల పడవ లాగేటప్పుడు అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలినట్టు ఉంది. పేరుకు దుబాసీ అక్కర్లేదు. కారు వెనక్కి తిరిగింది.

పోలీసులు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. మిస్నాదిన్ రెక్క పట్టుకున్నారు.

"ఏ కేసు రాస్తారు సార్? ఉప్పు లాగిన కేసా?" అన్నాడు అతను. అతని చేతిలో పలకను జుబైదా అందుకుంది. అతన్ని వ్యాను ఎక్కిస్తుంటే అటు చూస్తూనే ఆమె రెండు పలకలతో లాగింది.

పని ఆగలేదు. గురువారం కూడా లాగారు. శుక్రవారం పొరుగూరి వాళ్లు వచ్చారు. వాళ్ల ఊరి నుంచి ఇంటిపనికి పోయిన జుమాతి అదే జైల్లో, అదే మరణశిక్ష పడి ఉంది. ఏడో రోజుకు మూడు ఊళ్ల పలకలు సల్హా మడిలో ఉన్నాయి. ఆ ఉప్పు ఎవరూ అమ్మలేదు. గట్టు మీద తెల్లగా కుప్ప పోసి వదిలేశారు.

శంకుస్థాపన రాయిని జిల్లా కేంద్రంలో ఒక హాల్లో తలుపులు వేసుకుని ఆవిష్కరించారు. హోస్నియాను బడి నుంచి తొలగించినట్టు కాగితం వచ్చింది. ఆ కాగితం మాత్రం రెండు రోజుల్లో వచ్చింది. ఆమె ఇంట్లో ఒక్కతే కూర్చుని జుమాతి కోసం ఉత్తరం మొదలుపెట్టింది. దయామయులైన అన్న మాట లేకుండా మొదలుపెట్టడం ఆమెకు కొత్త. ఈ ఉత్తరాన్ని ఆఫీసుకు పంపరు. మూడు ఊళ్ల వాళ్లూ లారీలెక్కి వెళ్లి, ఆ రాజ్యపు దౌత్య కార్యాలయం గేటు ముందు నిలబడి గట్టిగా చదువుతారు.

మిస్నాదిన్ ఇంకా లాకప్పులోనే ఉన్నాడు. లారీలు ఇంకా కుదరలేదు. నాసియాను ఎక్కడ పూడ్చారో సల్హాకు ఇంకా ఎవరూ చెప్పలేదు. జుమాతి బతికే ఉంది. ఆమెను ఇంకా విడిపించలేదు.