ఎర్రచుక్కల గోడ

మా అమ్మాయి కళ్ళజోడు ఇంట్లోనే మర్చిపోయి ఆఫీసుకి వెళ్ళిపోయింది. తీసుకెళ్ళకపోయినా ఇంకే రోజైనా ఎలాగో గడిచిపోయేదేమో గాని, ఆ రోజు గడవదు. వాళ్ళ టీము రెండు వారాల పని ముగించి, గోడ ముందు నిలబడి మంచిచెడ్డలు మాట్లాడుకునే రోజది. అక్కడ దాని మాట నెగ్గితే అది టీములో ఉంటుంది. నెగ్గకపోతే సోమవారం నుంచి మళ్ళీ కింది అంతస్తులోకి, ఎవరూ చదవని రిపోర్టులు తయారుచేసే గదిలోకి.

"మీ అమ్మకి భయపడటానికి ఏమీ దొరక్కపోతే, ఏమీ లేదేమిటా అని భయపడుతుంది" అని మా ఆయన దానితో అంటుంటారు. ఆయన స్నానానికి వెళ్ళింది చూసి, కళ్ళజోడు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

సంగతేమిటంటే, వాళ్ళ టీము బస్సు పాసుల యాప్ తయారుచేస్తోంది. చేయాల్సిన ప్రతి పనినీ ఒక చిన్న కార్డు మీద రాసి గోడకి అంటిస్తారు. గోడ మీద మూడు వరసలు: ప్రోగ్రాము రాస్తున్నవి, చూడాల్సినవి, అయిపోయినవి. కార్డు మొదటి వరసలోంచి మూడో వరసలోకి వెళ్తే పని అయినట్టు. వాళ్ళకెప్పుడూ ఆలస్యమే. మనుషులు చాలటం లేదు, ఇంకో ఇద్దరిని తెచ్చుకుందాం అని అందరి మాట.

మా అమ్మాయి చదువు లెక్కలు, అంకెలు. దాన్ని టీములో వేశారు గాని, వేశాక దానితో ఏం చేయించుకోవాలో ఎవరికీ తెలియదు. అది ఊరుకోకుండా రోజూ పొద్దున్నే వెళ్ళి ప్రతి కార్డు మీదా ఒక చుక్క పెట్టడం మొదలుపెట్టింది. కార్డు మొదటి వరసలో ఉంటే పచ్చచుక్క, రెండో వరసలో ఉంటే ఎర్రచుక్క. ఆ టీములో జులపాల అబ్బాయొకడున్నాడు, ప్రోగ్రాములు రాసేవాడు. "గోడకి బొట్లు పెట్టడానికా నీకు జీతం?" అన్నాడట.

ముందురోజు సాయంత్రం అన్నం తింటూ అసలు సంగతి చెప్పింది. పచ్చచుక్కలు తక్కువ, ఎర్రవి ఎక్కువ. రాయడానికి రెండు రోజులైతే, రాసినదాన్ని చూసి సరే అనడానికి నాలుగు రోజులు. చూసేది ఒకే ఒక్కరు, టీముకి పెద్దసారు.

"అది ఆయన ముందే చెప్తావా?" అన్నాను.

"ఆయన లేనప్పుడు చెప్తే చాడీ అంటారు కదమ్మా."

నాకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో నేను రెడీమేడ్ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేశాను. మా వరసలో చొక్కాలన్నీ కాజాలు తీసే మిషను దగ్గర కుప్పపడేవి. ఆలస్యమైందన్న చివాట్లు మాత్రం కుట్టేవాళ్ళకి. ఒకరోజు నోరు ఆగక, "కుప్ప అక్కడుంటే తిట్లు మాకెందుకండీ" అన్నాను. కాజాల మిషను మీద కూర్చున్నవాడు సూపర్‌వైజరుగారి బామ్మర్ది. మర్నాడు నన్ను గేటు దగ్గరే ఆపేశారు.

ఆఫీసుకి చేరేసరికి మీటింగు మొదలైపోయింది. గుమ్మం దగ్గర బల్ల ముందు కూర్చున్న అమ్మాయి, "పర్లేదాంటీ, లోపలికెళ్ళి ఇచ్చేయండి" అని అద్దాల గది తలుపు తీసింది. కళ్ళజోడు ఇచ్చి బయటికి రాబోతుంటే, తల నెరిసిన ఒకాయన, "కూర్చోండమ్మా, ఇంతదూరం వచ్చారు" అని మూలనున్న కుర్చీ చూపించారు. ఆయనే పెద్దసారని నాకు మా అమ్మాయి మొహం చూస్తే తెలిసింది.

అది గోడ దగ్గరికి వెళ్ళి, "ఎవరి కార్డులు వాళ్ళు తీసుకుని పచ్చవెన్నో ఎర్రవెన్నో లెక్కపెట్టండి" అంది.

నేను దగ్గాను. వద్దే తల్లీ అని దాని అర్థం. జులపాల అబ్బాయి లేచి నాకు మంచినీళ్ళిచ్చాడు. మళ్ళీ దగ్గాను. ఇంకో గ్లాసు ఇచ్చాడు. మా అమ్మాయి నావైపు చూడనైనా చూడలేదు.

"నావి పచ్చవి తొమ్మిది, ఎర్రవి పదిహేడు" అన్నాడు ఆ అబ్బాయి. వాడి నవ్వు తగ్గింది. ఇంకొకమ్మాయి, "నావి ఎనిమిది, పధ్నాలుగు" అంది. ఒక్కొక్కరూ చెప్తుంటే పెద్దసారు తనే పెన్ను తీసి బోర్డు మీద కూడారు. పచ్చవి ముప్పై. ఎర్రవి అరవై ఒకటి.

నా సంచి పిడి చేతిలో మెలిపడిపోయింది.

"అంటే నేను ఆలస్యం చేస్తున్నానంటావు" అన్నారాయన.

"లేదు సార్. ఒక్కో కార్డు చూడటానికి మీకు పట్టేది గంట. ఆ గంట కోసం కార్డు నాలుగు రోజులు నిలబడుతోంది. మీరు ఒక్కరే ఉన్నారు."

"మరి ఇద్దరిని కొత్తగా తెస్తే?"

"ఇంకా ఎక్కువ కార్డులొచ్చి ఇక్కడే నిలబడతాయి. చిన్నచిన్నవి ఒకరివొకరు చూసుకోనివ్వండి, పెద్దవి మీరు చూడండి. ఈ వరసలో మూడు కార్డులకి మించి ఉంటే, కొత్తది ఎవరూ ముట్టుకోకుండా ముందు అవి తెమల్చాలి."

"ఏదైనా తప్పు జారిపోతే?"

"తప్పులూ లెక్కపెడతాను సార్. రెండు వారాలు చూద్దాం. పెరిగితే నేనే కిందికి వెళ్ళిపోతాను."

ఇంక అయిపోయిందనుకున్నాను. కుర్చీలోంచి సగం లేచాను కూడా. ఆయన కళ్ళు నులుముకుని, "ఏడేళ్ళుగా అందరికంటే ముందొచ్చి అందరికంటే ఆఖర్న పోతున్నాను. పని ఎందుకు తెమలటం లేదో నాకు ఇవాళ్టిదాకా ఎవరూ చూపించలేదు" అన్నారు. రెండో వరస పైన పెద్ద అక్షరాలతో 'మూడుకి మించరాదు' అని ఆయనే రాశారు.

ఆ రెండు వారాలు నేను పడ్డ కంగారు నాకే తెలుసు. సాయంత్రం అది గుమ్మంలో అడుగు పెట్టగానే "తప్పులెన్ని?" అని అడిగేదాన్ని. "మూడమ్మా, కిందటిసారి ఐదు" అనేది చెప్పులు విడుస్తూ.

రెండో బుధవారం మధ్యాహ్నానికే ఫోను చేసింది. గోడ మీద కార్డులన్నీ మూడో వరసలోకి వెళ్ళిపోయాయట, ఇంకా రెండు రోజులు మిగిలుండగా. ఆ టీము పుట్టాక గడువుకి ముందు పని అవడం అదే మొదటిసారి. శుక్రవారం అందరి ముందూ పెద్దసారు మా అమ్మాయి ఈ టీము మనిషేనని కాగితం ఇచ్చారు. ఇకమీద కొత్త కార్డేదైనా మా అమ్మాయి అంకెలు చూశాకే రాయాలన్నారు. ఇద్దరు కొత్తవాళ్ళ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

వాళ్ళు రోజూ పొద్దున్నే ఓ పావుగంట నిలబడే మాట్లాడుకుంటారు. అందులో మా అమ్మాయి ఇన్నాళ్ళూ ఆఖర్న, టైము మిగిలితే మాట్లాడేది. ఆ సోమవారం అందరూ వచ్చి గుండ్రంగా నిలబడి, ఎవరూ చెప్పకుండానే ముందు దానివైపు తిరిగారట.

పక్కింటి వదినకి ఈ మాట మూడుసార్లు చెప్పాను. మూడోసారి సగంలో ఆవిడే అందుకుని పూర్తిచేసింది.