బాలకోటయ్య గారి నిండని ట్యాంకు

పిడుగురాళ్ళ నుంచి మాచర్ల దాకా మీకిష్టమొచ్చిన ఊరు తిరిగి రండి. మా ఊళ్ళో బాలకోటయ్య ఇంటి సెప్టిక్ ట్యాంకు లాంటిది ఇంకోటి కనపడితే నేను మీసం తీయించుకుంటాను. ఇల్లు కట్టిన ఏడే దాన్నీ కట్టారు. ఆ తర్వాత ఆ ఇంట్లో పెళ్ళిళ్ళయినాయి, ఎలక్షన్లయినాయి, ఎలక్షన్లప్పుడు జెండా పట్టుకున్న ప్రతివాడూ ఆ పెరట్లోకి ఒకసారి వెళ్ళొచ్చాడు. ట్యాంకు మాత్రం నిండలేదు. మిగతా ఎవరింటి ముందైనా ఎప్పుడో ఒకప్పుడు ఆ మురికి లాగే ట్యాంకరు ఆగాల్సిందే, వీధి వీధంతా ముక్కు మూసుకుని తలుపులేసుకోవాల్సిందే. బాలకోటయ్య వాకిట్లో అది ఆగి ఎరగదు. ఇంటికొచ్చిన పెద్దమనుషులకు మిరపతోట చూపించే ముందు ట్యాంకు మూత చూపించేవాడాయన. "మన చెయ్యి పడ్డ గుంటరా అది, ఎంత పోసినా ఇంకా తెమ్మంటది" అని నవ్వేవాడు. దాంట్లో జారిపడ్డ రాగిచెంబు పొందుగల కాడ కృష్ణలో తేలిందని కూడా ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది నేనే.

ఆ ఘనత పక్కనే కూర్చుని రెండుపూటలా అంట్లు తోమేది ఆ ఇంటి కోడలు దీపశ్రీ. ఆ ఇంటికి వాకిలి మగవాళ్ళది, పెరడు ఆడవాళ్ళది. అట్టా అని ఎవరూ అనలేదు, అంతే. ముందు నాపరాళ్ళు పరిచిన వాకిలి, రేకుల పందిరి, పందిరి కింద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల్లో బాలకోటయ్యా మేమూ. పక్కన స్టూలు మీద కొనుక్కొచ్చిన టిన్ను నీళ్ళు, మూత మీద బోర్లించిన గ్లాసు. వెనక బోరు, బోరు పక్కన అంట్ల బండ, బండ పక్కన బాత్రూములు, వాటిని ఆనుకుని ట్యాంకు. బండ మీద కూర్చున్న మనిషి చెయ్యి చాపితే అన్నీ అందుతాయి.

దీపశ్రీ సివిల్ డిప్లొమా చదివింది. పక్క ఊరి సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు. అక్కడ ఆమె మేడమ్. రోడ్డయినా కాలవయినా ఆమె కొలిచి సంతకం పెడితేనే బిల్లు కదిలేది. కొలత తక్కువుందని ఆమె గట్టిగా నిలబడిన రోజున మాత్రం కాంట్రాక్టరు పళ్ళికిలించి, "సరేలేమ్మా, మీ మామగారితో నే మాట్లాడుకుంటాలే" అంటాడు. ఆ మాట మింగి, సాయంత్రం ఆటో దిగి గేటు తీసిందంటే మేడమ్ కూడా అక్కడే దిగిపోతుంది. లోపల్నుంచి అత్త నాగేంద్రమ్మ గొంతు. "ఏమే, వచ్చావా? ముందు చేతులు కడుక్కో."

ఈ చేతుల గొడవ రెండేళ్ళది. దీపశ్రీ కూతురు భవితకు నెలకో రెండు నెలలకో వాంతులు, విరేచనాలు. పిల్ల కోలుకుంటుంది, నాలుగు మెతుకులు తింటుంది, మళ్ళీ మొదలు. బడి గౌను భుజాల మీంచి జారిపోతుంది. "చదువుకున్నదాని చేతులు అంతేనమ్మా" అని నాగేంద్రమ్మ వీధి గుమ్మంలో నిలబడి చెప్పేది. "ఆఫీసులో అడ్డమైన కాయితాలూ ముట్టుకోని, ఆటో కమ్మీలు పట్టుకోని, అదే చేత్తో పిల్లకు అన్నం కలిపిద్ది. వాంతులు కాక ఏమయితయి?" మొగుడు సాయిగణేష్ ఫోను లోంచి తలెత్తకుండా, "అమ్మ చెప్పిన దాంట్లో తప్పేముందే? కాస్త శుభ్రంగా ఉండొచ్చుగా" అనేవాడు. నరసరావుపేట డాక్టరు నీళ్ళు చూసుకోమన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కార్లో సాయిగణేష్ తేల్చేశాడు. "నీళ్ళేందీ, అందరం ఆ ఇంట్లోనేగా ఉండేది? నాకూ నాన్నకూ ఏం కాలేదే?"

నిజమే, వాళ్ళకేం కాలేదు. దీపశ్రీ కూడా ఆ మాటే నమ్మింది. చేతులు కడుక్కుంటూ నమ్మింది. సబ్బుతో, డెట్టాలుతో, వేడినీళ్ళతో. వేళ్ళ సందుల్లో తోలు లేచి, పచ్చిమిరపకాయ తరిగితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆఫీసులో కొలతల పుస్తకం మీద చెయ్యి పెట్టాలన్నా భయం, ఆ మురికి ఇంటికి వస్తుందేమోనని. పిల్లను దగ్గరకు తీసుకోబోయి ఆగిపోయేది, ముందు కడుక్కోవాలి కదా. ఎందుకు తగ్గట్లేదు? గోళ్ళ కిందనా? చీర కొంగులోనా? తను పుట్టిన ఇంట్లో ఇంత శుభ్రం లేదే, మరి తనకేం కాలేదే? పప్పు కడుగుతూ అదే ఆలోచన, ఆటోలో అదే, మేస్త్రీ చెప్పే లెక్క వింటూ అదే. ఒకచోట కాలు నిలవదు, మనసు నిలవదు, నోరు మాత్రం పెగలదు. "మా కోడలు ఎన్నన్నా తిరిగి ఒక్క మాట అనదయ్యా" అని బాలకోటయ్య పందిట్లో మెచ్చుకుంటుంటే, మేము తలలూపుతుంటే, ఆమె లోపల టీ గ్లాసులు కడుగుతూ వినేది.

ఒకరోజు ఆఫీసు పని మీద హన్నమ్మ ఇంటికి వెళ్ళింది. హన్నమ్మ పత్తిచేలో కూలికి పోతుంది, కొత్తగా బాత్రూము కట్టుకుంటుంది. ట్యాంకుకు గుర్తు పెట్టడానికి దీపశ్రీ టేపు లాగింది.

"మేడమ్, మాకు మీ ఇంట్లో లాంటిది కట్టిచ్చు తల్లీ" అంది హన్నమ్మ. "నిండనిది. ఆ ట్యాంకరోణ్ణి పిలిచే తిప్పలుండదు."

"నిండకపోతే అది ట్యాంకు కాదు పిన్నీ" అంది దీపశ్రీ, టేపు చుట్టుకుంటూ. వందమందికి చెప్పి అరిగిపోయిన పాఠం. "ట్యాంకన్నాక నిండాలి, మూడేళ్ళకోసారి తీయించాలి. నిండట్లేదంటే అడుగున కారుతున్నట్టే. మనది రాతి నేల, రాయికి నెర్రెలుంటయి, ఆ నెర్రెల్లోంచి పోయి దగ్గర్లో బోరుంటే దాంట్లో..."

అక్కడ ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవిన పడింది. హన్నమ్మ, "ఏందమ్మా, కళ్ళు తిరిగినయ్యా? కూర్చో" అని మంచం వాల్చింది.

పైన నేను కోసిన కోత ఇంకా మర్చిపోలేదుగా? దాన్ని ఇప్పుడు సంతోషంగా వెనక్కు తీసుకుంటున్నాను. మా బాలకోటయ్య ట్యాంకుకు అడుగు లేదు. తవ్వినప్పుడు కింద బండ తగిలితే, "రాయి కంటే గట్టి సిమెంటు ఏముందిరా" అని గచ్చు చేయించలేదు. ఆ సలహా ఇచ్చిన తెలివిగల వాళ్ళంతా పందిట్లో కుర్చీల్లో ఉన్నవాళ్ళే. రాయికి నెర్రెలుండటం మాకు తెలియక కాదు. క్వారీల పక్కన పుట్టి పెరిగినవాళ్ళం. నిండలేదన్న గొప్పలో పడి, పోసిందంతా ఎటు పోతుందని ఎవరం అడగలేదు.

దీపశ్రీ మంచం మీద కూర్చుని ఒక్కొక్కటీ కలుపుకుంది. మామకూ మొగుడికీ టిన్ను నీళ్ళు. "వంటకూ ఆడవాళ్ళకూ టిన్ను నీళ్ళెందుకు, బోరు నీళ్ళు తాగితే ఒళ్ళు గట్టిపడుద్ది" అని ఏనాడో అయిన తీర్మానం. కాబట్టి పిల్లకు బోరు, తనకు బోరు, అత్తకు బోరు. ఇంకా సిగ్గనిపించిన సంగతి ఒకటుంది. ఇదంతా తనకు ముందే తెలుసు. ఊరందరి ఇళ్ళకూ చెప్పిన మనిషి తన పెరట్లో ఎందుకు చూడలేదు? ఆ గేటు దగ్గర చెప్పులతో పాటు తలకాయ కూడా విడిచి లోపలికి పోవడం ఎప్పుడు అలవాటయింది?

ఆ సాయంత్రం పందిట్లోకి వచ్చి, మా అందరి ముందే, "మామయ్య గారూ, మన ట్యాంకు కారుతుంది. బోరులోకి పోతుంది" అంది.

బాలకోటయ్య నవ్వాడు. మేమూ నవ్వాం. "చూడమ్మాయ్, ఆఫీసు ఆఫీసే, ఇల్లు ఇల్లే. పదిమందిలో ఆ గుంట మాటలేంది? లోపలికి పో."

ఆమె లోపలికి పోయింది. మర్నాడు పిడుగురాళ్ళ బజార్లో బట్టలకేసే రాణి రంగు పొట్లాలు గంపెడు కొనుక్కొచ్చి, లెట్రిన్ బేసిన్లో పోసి, మీద బక్కెట్ల కొద్దీ నీళ్ళు కొట్టింది. రెండు రోజుల తర్వాత పొద్దున్నే బాలకోటయ్య తలంటుకోడానికి కూర్చుని, కళ్ళు మూసుకుని బోరు నీళ్ళు చెంబుతో నెత్తిన పోసుకున్నాడు. మాది పక్కిల్లే, బాత్రూములోంచి ఆయన కేక విని నేను గోడ మీంచి తొంగి చూశాను. రాణి రంగు బట్టతల, రాణి రంగు బనీను, పంచె అంచు నుంచి కారుతున్న రాణి రంగు. "ఒరేయ్ సాయీ, నెత్తురు రా!" అని ఆయన గంతులు.

అదే సమయంలో నాగేంద్రమ్మ బోరు కుళాయి కింద బియ్యం కడుగుతుంది. గిన్నెలో నీళ్ళకూ అదే రంగు. ఆమె అరవలేదు. "ఏందే ఇది?" అంది.

"నేనే పోశాను అత్తయ్యా. ట్యాంకులో. మొన్న."

నాగేంద్రమ్మ గిన్నె వంక చూసింది, ట్యాంకు మూత వంక చూసింది. ఈ ఇంట్లోకి వచ్చిన కాణ్ణుంచీ ఆమెకు కడుపులో మంట. ఆడవాళ్ళకు మామూలేనని మొగుడన్నాడు, ఆమె సరేనంది. చెయ్యి ఊరికే పొట్ట మీదికి పోయింది. "అంటే, ఇన్నాళ్ళూ..." అని ఆపేసింది. తప్పు నీ చేతులది కాదని ఆమె అంటుందేమోనని దీపశ్రీ ఎదురుచూసింది. ఆ మాట రాలేదు. కోడలి వేళ్ళ మీద లేచిన తోలు వంక కాసేపు చూసి, "ఆ అంట్లు వదిలెయ్, నే తోముతా" అంది. అంతే.

మర్నాడు తెల్లవారి మేము పందిట్లోకి వచ్చేసరికి వాకిట్లో సున్నప్పొడి గీతలున్నాయి. ఆ వాకిట్లో ఆడమనిషికి పనంటూ ఉంటే పొద్దున్నే ముగ్గేయడం ఒక్కటే, అందుకని ముందు ఎవరం పట్టించుకోలేదు. తీరా చూస్తే చుక్కల్లేవు, పువ్వుల్లేవు. పెద్ద పొడుగు గడి, మధ్యలో అడ్డగీత, ఆ పక్కన ఇంకో వెడల్పాటి మడి. మా కుర్చీలన్నీ సరిగ్గా గడి లోపల.

"ట్యాంకు ఇక్కడ" అంది దీపశ్రీ. "రెండు గదులు. మొదటిది రెండోదానికి రెండింతలు. మురికి దీంట్లో అడుగుకు దిగుద్ది, తెట్టు పైన తేలుద్ది, నడుమ నీళ్ళు మాత్రమే పక్క గదిలోకి పోతయి. అడుగూ గోడలూ చుక్క కారకుండా గచ్చు. అవతలకొచ్చిన నీళ్ళు రాతిలోకి కాదు, కంకర పోసిన ఈ మడిలోకి. మెట్టతామరలు వేస్తా, వాటి వేళ్ళు శుభ్రం చేసుకుంటయి."

"ముఖద్వారం ముందరా!" బాలకోటయ్య గొంతు లేచింది. తల మీద రంగు ఇంకా వదల్లేదు. "నలుగురు మనుషులు కూర్చునే చోట దొడ్డి గుంటా? తరతరాలుగా ఇట్టాంటివి వెనకుంటయే!"

"వెనక బోరుంది మామయ్య గారూ. దానికి దూరంగా ఉన్న చోటు ఇదొక్కటే. బోరును జరపలేం. కుర్చీలను జరపొచ్చు."

అప్పుడు నాగేంద్రమ్మ లోపల్నుంచి వచ్చింది. నా ఎరుకలో మగవాళ్ళు కూర్చునుండగా ఆమె పందిరి దాకా రావడం అదే మొదలు. ఖాళీ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దించి గోడవారకు చేర్చింది. మొగుడి ముందు ఆగి, "లెగవయ్యా" అంది. ఆయన లేచాడు. మేము ఆయన కంటే ముందే లేచాం.

దీపశ్రీ పిలిపించిన డ్రైవరు సల్మాన్, బండ పగలగొట్టే బ్రేకర్ ట్రాక్టరును గేటు బయట ఆపి ఉన్నాడు. ముందు పైన పరిచిన నాపరాళ్ళు పెకలించాలి. దీపశ్రీ గడ్డపార తెచ్చింది. అప్పుడు సాయిగణేష్ ఫోను జేబులో పెట్టుకుని వచ్చాడు. "నువ్వు గీత చూపించు, నేను లేపుతా" అని ఆమె చేతిలోంచి గడ్డపార అందుకుని మొదటి పోటు వేశాడు.

ఇప్పుడు ఆ వాకిట్లో మెట్టతామరలు ఎర్రగా పూస్తున్నాయి. పాత గుంట తోడించి పూడ్చారు. బోరు నీళ్ళు పరీక్షలో బాగున్నాయని తేలేదాకా టిన్ను నీళ్ళు వంటింట్లోనే ఉండాలని దీపశ్రీ ఆర్డరు. అందుకని మేము మా ఇళ్ళ దగ్గరే మంచినీళ్ళు తాగి పోతున్నాం. భవితకు గౌను భుజాల మీద నిలుస్తుంది.

ఇందులో నేను కల్పించింది ఏదో మీరు ఈపాటికి పట్టేసి ఉంటారు, బట్టతలేనని. కాదు. తల నిజం, బనీను నిజం, ఆ పంచె ఇప్పటికీ దండెం మీద కనపడుతుంది. చెంబు సంగతి ఎటూ కోతేనని తెలుసు. నేను అల్లి పెట్టింది సాయిగణేష్ ఆడిన ఆ మాట, అతను వేసిన ఆ పోటు. అంతమంది మగాళ్ళం ఉన్న వాకిట్లో ఒక్కడన్నా చెయ్యేసినట్టు లేకపోతే రాసేవాడికే తల కొట్టేసినట్టుంది, అందుకని వేశాను. నిజానికి అతను ఫోను మాట్లాడుకుంటూ వచ్చి, గీత లోపల ఉన్న తన మోటార్ సైకిలు తీసి, దుమ్ము పడకుండా అవతల పెట్టుకున్నాడు. రాయి లేపింది దీపశ్రీయే, తోలు లేచిన ఆ చేతులతోనే.