ఎడమెడంగా, ఎదురెదురుగా

తప్పు నాది కాదు, డ్రిల్లింగ్ మిషన్‌ది. ఇంజనీరుగారు ఫోన్లో "బెంచీలు ఎడమెడంగా బిగించు" అన్నారట. ఆ రొదలో నాకు "ఎదురెదురుగా" అని వినబడింది. చౌరస్తా మధ్య ఖాళీ జాగాలో ఎనిమిది బెంచీలనీ జతలు జతలుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా బిగించి పారేశాను.

చూసి ఆయన తల పట్టుకున్నారు. "ఇదేమన్నా రైలు పెట్టె అనుకున్నావా? సోమవారానికల్లా అన్నీ పీకి మళ్ళీ వెయ్!"

చేసిన పని మళ్ళీ చెయ్యమంటే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ అసలు దిగులు వేరే ఉంది. బావ పోయాక అక్కని మా ఇంటికి తెచ్చుకున్నాను. మూడు నెలలకే విసిగిపోయింది. "ఇక్కడ పలకరించే దిక్కు లేదురా. ఈ వారం చూసి నా దారిన నేను పోతా" అని సంచీ సర్ది తలుపు పక్కన పెట్టుకుంది. బావ ఊళ్ళో తన కోసం ఉన్నది తాళం వేసిన ఇల్లొక్కటే.

శనివారం నాకు క్యారేజీ తెచ్చి, ఆయాసపడుతూ ఓ బెంచీ మీద కూలబడింది. ఎదురుగా ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చిన నర్సమ్మ. మోకాళ్ళు తగిలాయి.

"అయ్యో, దెబ్బ తగిలిందా?" అంది అక్క.

"కొత్తగా తగిలేదేముంది, పాత నొప్పేలెండి."

"మీకూ మోకాళ్ళేనా?"

ఇక చూడాలి! మాటల్లో పడి నా క్యారేజీ వాళ్ళిద్దరే ఖాళీ చేసేశారు. కడుపు కాలుతున్నా నాకు ఎంత సంతోషమేసిందో.

అక్క ఆదివారమూ బెంచీల దగ్గరికి వెళ్ళింది. సంచీ మాత్రం తలుపు పక్కనే ఉంది. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

సోమవారం పొద్దున స్పానర్ పట్టుకుని నిలబడ్డాను. అప్పటికే అక్కా, నర్సమ్మా ఎదురెదురుగా కూర్చుని కబుర్లలో ఉన్నారు. పీకడానికి చెయ్యి రాలేదు. ఇంజనీరుగారు దూరం నుంచే కేకలు మొదలెట్టారు.

అక్క తలెత్తింది. "నిలబడి కేకలేస్తావేం బాబూ? కూర్చుని వెయ్యి."

ఆయన బిత్తరపోయి, దగ్గుతూ కూర్చున్నారు.

"ఆ దగ్గు ఎన్నాళ్ళనుంచి?" అంది ఎదురుగా ఉన్న నర్సమ్మ.

దగ్గుతో మొదలెట్టి, ఆయన సొంత ఇంటి గోల దాకా వచ్చారు. అరగంటకి లేచి, నా వైపు చూడకుండానే, "ఆ చివరి జత కాస్త ఊగుతోంది, గట్టిగా బిగించు" అని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇంటికొస్తే తలుపు పక్కన సంచీ లేదు. వంటగదిలోంచి అక్క దగ్గు వినబడ్డాక గానీ ఊపిరాడలేదు.

"సంచీ ఏదక్కా?"

"నీ బెంచీలు రాళ్ళురా! బట్టలు బీరువాలో పెట్టేసి, దాన్ని మడిచి కూర్చోడానికి కిందేసుకున్నా. నర్సమ్మ దగ్గరే ఉంచా. రోజూ ఎవరు మోస్తారు?"