మంచినీళ్ళ నాచు

చేతులకు వెల్లుల్లి వాసన.

చెల్లమ్మ ఆ పూట వెల్లుల్లి ముట్టుకోలేదు. వెల్లుల్లి వాసన వేసే మొక్కను ముట్టుకుంది — లెస్కాలియే ఊళ్ళో, తన అయ్య ఉండే చెరకు తోట వెనక, మోకాలి లోతు మంచినీళ్ళ మడుగులో దిగి తెచ్చిన మొక్క.

దీవి నడిమి మిట్ట మీద, క్యూర్‌పైప్‌ ఊళ్ళో వాన. పందొమ్మిది వందల పదకొండు, చలికాలం, ఎప్పుడూ వానే. అద్దుడు కాగితాలు ఆరవు. బట్టలు ఆరవు. మనిషి కోపమూ ఆరదు.

మిస్యే ముసలి డాక్టరు, ఫ్రెంచి దొర. దీవిలోని మొక్కలన్నిటికీ జాబితా రాస్తున్నాడు. ఆయన గదిలో రెండు బీరువాలు. ఒకటి సముద్రానిది, ఒకటి నేలది. నాచును పళ్ళెంలో నీళ్ళ మీద తేల్చి, కింద కాగితం జొనిపి, పోగు పోగూ విడదీసి పైకెత్తడం చెల్లమ్మ పని.

తొమ్మిదేళ్ళుగా అదే పని.

"మొక్కలన్నీ లామెర్‌లో పుట్టాయి చెల్లమ్మా," అంటాడు మిస్యే. లామెర్ అంటే సముద్రం. అందులో పుట్టి, ఒడ్డుకు పాకి, నేలను పట్టుకున్నాయట.

ఆమె వేళ్ళు ఒప్పుకోవు. ఈ మొక్కకు కణుపులున్నాయి. కణుపు కణుపుకూ చుట్టూ కొమ్మలు. ఉండేది నీళ్ళలోనే... చూస్తే మాత్రం నేల మొక్కలకు దగ్గరి చుట్టం.

"ఇది మంచినీళ్ళది, మిస్యే. నేల మొక్కలు ఇలాంటి వాటి నుంచే వచ్చాయేమో."

"ఒళ్ళంతా సున్నం చూడు, పగడానికి ఉన్నట్టు. పోటుకు కొట్టుకొచ్చి ఉంటుంది. లామెర్‌దే."

ఆమెకు ఒళ్ళు మండింది. తన వాళ్ళు కోరంగి రేవులో ఓడ ఎక్కారు. అందుకే ఈ దీవిలో వాళ్ళకు కోరంగివాళ్ళనే పేరు పడింది. రేవులో ఎవరూ పుట్టలేదు. పుట్టింది గోదావరి పక్కన, మంచినీళ్ళ పక్కన. సముద్రం మీదుగా రావడం వేరు, సముద్రంలో పుట్టడం వేరు.

ఎవరికి చెప్పాలి?

గురువారం ఓడ. జాబితా ఆ ఓడలో పారిస్ వెళ్తుంది. అచ్చయిందంటే ఇక అంతే.

సున్నం పోతే కణుపులు తేటగా కనిపిస్తాయి. కనిపిస్తే నమ్ముతాడు. అమ్మోరి పండక్కి ఇత్తడి చెంబు తోమినట్టే, చింతపండు పిసికి, ఆ రసంలో మొక్కను ముంచింది.

నురగ పొంగింది. సున్నం పోయింది.

సున్నంతో పాటు మొక్క బిగువూ పోయింది. కణుపులు వాలిపోయాయి. కొమ్మలు ఒకదానికొకటి అంటుకున్నాయి. పళ్ళెంలో మిగిలింది జారిపోయే పచ్చటి పోగు — అచ్చం సముద్రపు నాచు.

చేతులారా చేసుకుంది.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మిస్యే కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. నవ్వాడు, ఆప్యాయంగానే. "చూశావా? లామెర్."

కాగితం మీద ఆ మాటే రాశాడు. సముద్రం బీరువా తెరిచి అందులో పెట్టాడు. మూశాడు.

ఇంకొకటి తేవాలంటే మళ్ళీ మడుగు దాకా వెళ్ళాలి. ఆదివారం దాకా సెలవు లేదు. ఓడ గురువారం.

కిటికీ బయట వాన. మంచినీళ్ళ వాన. ఏ బీరువాలోనూ చోటులేని వాన.

చెల్లమ్మ చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. చింతపండు. మళ్ళీ పెట్టుకుంది. చింతపండే.

గోళ్ళ సందుల్లో మాత్రం... ఇంకా వెల్లుల్లి వాసన.